సీటు మీద కర్చీఫ్

సెప్టెంబర్ 2, సోమవారం

ఈరోజు ఇస్తాంబుల్ నుంచి ఇజ్మీర్‌కు బస్సులో వెళ్ళాను. ఎనిమిది గంటల ప్రయాణం. పదకొండున్నరకు బయల్దేరి ఒంటిగంటకల్లా చేరుకున్నాను. ఒంటిగంట దాటితే కింద టిఫిన్ సెంటర్‌లో పెరుగన్నం అయిపోతుంది మరి.

ఇది ఓంప్రకాష్ షాపులో సగం మిగిలిపోయిన కొలతల పుస్తకం. ముందు పేజీల్లో ఎవరెవరివో నడుములూ భుజాలూ ఉన్నాయి. నా మొగుడు దర్జీ కాబట్టి ఆ కొలతలన్నీ నిజమే. వాటి వెనక నేను రాసేది కూడా నిజమే అయి ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను. అందుకని ముందు ఇది రాస్తాను. "ఊరూరా ఉషక్క" పేరుతో పద్నాలుగు దేశాల్లో బస్సులెక్కిన నాకు పాస్‌పోర్టు లేదు. పాస్‌పోర్టు ఆఫీసు మా ఆఫీసుకు పది నిమిషాల నడక. రోజూ దాని ముందు నుంచే వస్తాను.

మా ఆఫీసంటే మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు, రెండు గదులు. కింది రెండు అంతస్తుల్లో పిల్లలకు జావా నేర్పుతారు. పైన మేము యాత్రా వ్యాసాల వెబ్‌సైటు పెట్టి లోకం చూపిస్తాం. ఓనరు తేజకు ఇరవై ఏడేళ్ళు. కార్డు మీద "ఫౌండర్" అని ఉంటుంది.

పొద్దున నా వ్యాసం చదివి పెదవి విరిచాడు. "అక్కా, ఇన్ఫర్మేషన్ మస్తున్నది. గని ఇండ్ల నువ్వెక్కడున్నవ్? నువ్వు సీట్ల కూసున్నట్టు ఉండాలె" అన్నాడు. ఉత్త సమాచారమైతే యంత్రం రెండు నిమిషాల్లో రాసిపెడుతుందట. కానీ యంత్రం రాస్తే అబద్ధంలా ఉంటుందట, నేను రాస్తే నిజంలా ఉంటుందట. నా జీతం అందుకే.

సరే, సీట్లో కూర్చున్నాను. అక్కడి బస్సుల్లో చేతుల్లో నిమ్మవాసన సెంటు పోస్తారు. అది నిజం. టీ ఇస్తారు. నిజం. పరిచయం లేని ఆడా మగా పక్కపక్కన కూర్చోకుండా సీట్లిస్తారు. అదీ నిజమే. దారిలో ఆగినచోట బస్సును పొడుగు బ్రష్షులతో కడుగుతారు, వీడియోలో చూశాను. ఇవన్నీ అందరూ రాసినవే. నాది అంటూ ఒకటి ఉండాలి కదా. నాకు తెలిసిన దూరప్రయాణం ఒక్కటే, జూబ్లీ బస్టాండు నుంచి సిరిసిల్ల. సిద్దిపేటలో ఆగుతుంది. దిగేవాళ్ళు సీటు మీద కర్చీఫ్ వేసి దిగుతారు. కదిలేముందు కండక్టరు "పక్కోళ్లు అచ్చిండ్రా?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు "ఆగన్నా, ఇంకో అవ్వ రావాలె" అంటారు. కర్చీఫ్ మనిషి ఎక్కేదాకా బస్సు కదలదు.

దాన్ని తీసుకెళ్ళి టర్కీలో పెట్టాను. తేజ చదివి చప్పట్లు కొట్టాడు.

సెప్టెంబర్ 3

అబద్ధం కాదు. ఎక్కడైనా బస్సు బస్సే, మనుషులు మనుషులే. పక్కవాళ్ళను వదిలేసి పోయేంత పాపిష్టివాళ్ళా టర్కీవాళ్ళు?

సెప్టెంబర్ 12, గురువారం

ఒకావిడ మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. నా కోసమే. అరవై మూడేళ్ళు, పేరు జీవమణి, లెక్కల టీచరుగా రిటైరైంది. సొంతూరు తెనాలి పక్కన, ముప్పై ఏళ్ళుగా పంజాగుట్టలో ఉంటోంది. చంకలో ఒక ఫైలు. ఫైల్లో నా టర్కీ వ్యాసాలు పదకొండూ ప్రింటు తీసి, ఎర్రసిరాతో గీతలు గీసి ఉన్నాయి. పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లలా నిలబడ్డాను.

"పదకొండూ చదివానండీ. ఒక్క పొరపాటు లేదు" అంది.

సంగతేమిటంటే, ఆవిడ ఆడపడుచు కుసుమకుమారి పోయిన ఏడాది ఏజెంటుతో పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్ళొచ్చింది. అప్పటినుంచి చర్చిలో ఏ సందర్భం వచ్చినా లేచి సాక్ష్యం చెబుతోంది. యొర్దాను నది నీళ్ళు చిన్న సీసాలో తెచ్చి, అందరికీ చూపించి, ఎవరికీ ముట్టనివ్వదు. జీవమణి గారు ఏడాదంతా ఆమెన్, ఆమెన్ అంటూ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చింది. బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు సంఘాలూ, అంటే తొలినాటి చర్చిలున్న ఏడు ఊళ్ళూ, టర్కీలో ఉన్నాయి. ఎఫెసు, ఇప్పుడు ఇజ్మీర్ అంటున్న స్ముర్న, పెర్గము నుంచి లవొదికయ దాకా. ఏడూ చూసి వస్తుంది. అదీ ఒంటరిగా, బస్సులో.

"ఏజెంటుతో వెళ్తే ఏంటండీ గొప్ప? దించుతాడు, ఎక్కిస్తాడు. నేను మీలాగా వెళ్తాను."

నాలాగా అంటే మెట్లు దిగి పెరుగన్నం తిని రావడమని ఆవిడకు తెలియదు. వీసా కాగితాలు ఇచ్చేసిందట, టికెట్టు కొనేసిందట, అక్టోబర్ ఏడున ప్రయాణం. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తేజ ఫోన్ పట్టుకుని మా ఇద్దరినీ వీడియో తీయడం మొదలుపెట్టాడు. తెరిచిన నోటితో నవ్వాను. వీడియోలో బాగా వచ్చానట.

సెప్టెంబర్ 13

రేపు చెప్పేస్తాను.

సెప్టెంబర్ 14

ఫోన్ చేశాను, ఎత్తలేదు. అంటే రెండుసార్లు చేసి, రెండుసార్లూ రెండో రింగుకే పెట్టేశాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

జీవమణి గారిని యూసుఫ్‌గూడ తీసుకెళ్ళాను, మా షాపుకి. రెండు జాకెట్లు కుట్టించుకుంటానంది. ఇంత చేస్తున్నాను కదా ఆవిడ కోసం.

ఓంప్రకాష్ కొలతలు రాసుకుంటూ ఎక్కడికి ప్రయాణమని అడిగాడు. ఆవిడ చెప్పింది, నా పేరుతో సహా, నా గొప్పతనంతో సహా. అతను పెన్సిల్ చెవిలో పెట్టుకుని నన్ను చూశాడు. నేను కిటికీలోంచి యూసుఫ్‌గూడ ట్రాఫిక్ చూశాను.

"మేడం, బ్యాగును నమ్మొద్దు. పాస్‌పోర్టు, పైసలు ఒంటి మీదనే ఉండాలె. లంగకు లోపట జేబు కుడుత, జిప్పు పెట్టి" అన్నాడు.

సాయంత్రానికి కుట్టేశాడు. జేబు మీద మా షాపు పట్టీ కూడా వేశాడు, "ఓం టైలర్స్, యూసుఫ్‌గూడ", కింద ఫోన్ నంబరు. లంగా లోపలి జేబుకు ప్రచారం ఎవరు చూస్తారని నవ్వాను. అలవాటు అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఆమెకు చెప్పినవా?"

చెప్తానన్నాను.

"ఎప్పుడు? పోయొచ్చినంకనా?"

దర్జీలు తక్కువ మాట్లాడతారని ఎవరన్నారో గానీ.

సెప్టెంబర్ 27

వీసా వచ్చిందని జీవమణి గారు మెసేజ్ పెట్టింది. దేవునికి స్తోత్రం అని, మీకు ధన్యవాదాలు అని. అదే వరసలో, ఒకే లైనులో.

రేపు చెప్పేస్తాను.

అక్టోబర్ 5, శనివారం

ఇవాళ చెప్పడానికే పంజాగుట్ట వెళ్ళాను. మెట్రో దిగి వాళ్ళింటిదాకా నడుస్తూ మాటలు కూడగట్టుకున్నాను. "అమ్మా, నేను విన్నవీ చదివినవీ కలిపి రాస్తాను" అని మొదలుపెట్టాలి. అబద్ధం అనే మాట రాకుండా నిజం చెప్పడానికి నాలుగు రకాలుగా ప్రయత్నించాను.

ఆవిడ టీ ఇచ్చి, సూట్‌కేసు తెరిచి చూపించింది. అన్నింటికంటే పైన ఆరు కొత్త కర్చీఫులు. తెల్లవి, నీలం అంచు, ఒక మూల ఎర్రదారంతో "జీ" అని కుట్టి ఉంది. సొంతంగా కుట్టుకుందట, మూడు రోజులు పట్టిందట.

"సీటు మీద వెయ్యటానికి. పేరుంటే డ్రైవరుకి ఇబ్బంది ఉండదు కదండీ" అంది.

మంచి కర్చీఫులు అన్నాను. టీ తాగి వచ్చేశాను.

అక్టోబర్ 7

వెళ్ళిపోయింది. ఇక చెప్పాల్సిన అవసరం లేదు. మనసు తేలికైంది.

అక్టోబర్ 8

తేలిక కాలేదు.

అక్టోబర్ 9, బుధవారం

సాయంత్రం నాలుగూ నలభై. నేను షాపులో ఉన్నాను. ఓంప్రకాష్ ఫోన్‌కు ఏదో విదేశీ నంబరు నుంచి కాల్ వచ్చింది. మోసగాళ్ళేమో ఎత్తొద్దన్నాను. ఎత్తాడు. రెండు క్షణాలు విని, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఉష గారూ, బస్సు కడగటానికి ఎంతసేపు పడుతుందండీ? గంటన్నర అయింది."

జీవమణి గారి గొంతు. కంగారేమీ లేదు. సందేహం తీర్చుకోవడానికి చేసినట్టు చేసింది. ఇజ్మీర్ దారిలో టీ కోసం ఆపారట. సూప్ తాగుతూ కూర్చుందట. మైకులో ఏదో చెప్పారట, ఆవిడకు అర్థం కాలేదట. ఇంతలో బస్సు మెల్లగా కదిలి షెడ్డు వెనక్కి తిరిగిందట. కడగడానికి తీసుకెళ్తున్నారని, మీరు రాసినట్టే జరుగుతోందని సంతోషపడిందట. ఫోను సీటు దగ్గర చార్జింగ్‌లో పెట్టి, పైన కర్చీఫ్ కప్పి దిగిందట. పెట్టె కూడా బస్సులోనే ఉంది. పక్క సీటులో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరు, ఒంటరి ఆడమనిషి పక్కన మగవాళ్ళను కూర్చోబెట్టరు కదా, అది కూడా మీరు రాసినట్టే అంది.

పక్కన మనిషి లేడు. "ఆగన్నా" అనేవాళ్ళు లేరు. నేను రాసిన నిజమూ నేను రాసిన అబద్ధమూ కలిసి ఆవిడను అక్కడ దించేశాయి.

"అమ్మా, బస్సు పోయింది" అన్నాను.

 మెల్లగా, "కర్చీఫ్ వేశానండీ" అంది.

భయం వేసింది. సిగ్గేసింది. ఏది ముందు వేసిందో తెలియదు. పద్నాలుగు దేశాల అనుభవం ఉన్న నేను మెడలో టేపు వేలాడేసుకుని గోడకు ఆనుకున్నాను, ఒక్క సలహా నోట్లోకి రాలేదు. ఓంప్రకాష్ ఫోన్ తీసుకున్నాడు. "మేడం, జేబుల పాస్‌పోర్టు ఉన్నదా? పైసలున్నయా? అయితే ఫికర్ జెయ్యకుండ్రి. ఆడ ఆఫీసోళ్ళకు టికెట్ చూపిచ్చి ఎనుక బస్సు ఎక్కుండ్రి. సామాను గా ఊరి బస్టాండుల అడగండ్రి" అన్నాడు. అతను కరీంనగర్ దాటి ఎక్కడికీ పోలేదు.

మన నంబరు ఎలా దొరికిందని అతన్ని అడిగాను. జేబు మీద పట్టీ చూసి, టీ కొట్టాయన ఫోన్ నుంచి చేసిందట.

అక్టోబర్ 10

మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కే ఉంది. గంటకోసారి చూస్తున్నాను. ఆ బస్సు కంపెనీవాళ్ళది తప్పు. మనుషుల్ని లెక్కపెట్టుకోవద్దా?

నాది తప్పు.

అక్టోబర్ 11, శుక్రవారం

రెండు టిక్కులు. ఫోనూ, సూట్‌కేసూ ఇజ్మీర్ బస్టాండు ఆఫీసులో దొరికాయట. కర్చీఫ్ కూడా మడిచి ఇచ్చారట. మోకాలు వాచింది, రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటానని రాసింది. నా మీద ఒక్క మాట లేదు. ఒక్క మాట ఉంటే బాగుండేది.

అక్టోబర్ 14

ఈ సంగతి తేజకు చెప్పడం నా బుద్ధితక్కువ. ఎగిరి గంతేశాడు. బస్సు వదిలేసి పోవడం, భాష రాకపోవడం, లంగా జేబు, అన్నీ నాకే జరిగినట్టు రాయాలట. ఆవిడ మోకాలు కూడా కావాలేమో నాకు. తలనొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను.

అక్టోబర్ 24, గురువారం

వచ్చింది. మళ్ళీ మూడంతస్తులూ ఎక్కి, ఈసారి ఆగి ఆగి. చేతిలో స్వీట్ల పెట్టె, నిమ్మవాసన సెంటు సీసా. సీసా మూత తీసి నా అరచేతుల్లో పోసింది. ఇన్ని వ్యాసాల్లో రాశాను గానీ అది ఇంత చల్లగా ఉంటుందని తెలియదు.

తేజ లేడు. ఇక సాకు లేదు. "అమ్మా, నేనెప్పుడూ టర్కీ పోలేదు. ఎక్కడికీ పోలేదు. నాకు పాస్‌పోర్టే లేదు" అన్నాను.

"తెలుసమ్మా" అంది. "బస్సు పోయింది అన్నప్పుడు నీ గొంతు విన్నాను కదా. ముప్పై నాలుగేళ్ళు పిల్లలతో ఉన్నాను, హోంవర్క్ చెయ్యని గొంతు నాకు తెలుస్తుంది."

మీరు కాస్తా నువ్వు అయింది. తిడుతుందని ఎదురుచూశాను. దానికి తయారుగా కూడా ఉన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించింది. మోకాలి మూలంగా మూడే చూసిందట, స్ముర్న, ఎఫెసు, పెర్గము. మిగతా నాలుగూ చూడలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం. కుసుమకుమారి ముందు వరసలో కూర్చుంటుంది. ఏడు చూసొస్తానని చెప్పి వెళ్ళి మూడు చూశానంటే ఇక బతకనివ్వదు.

"ఆ నాలుగూ నువ్వు రాసిపెట్టు."

నేను చూడలేదు కదమ్మా అన్నాను.

"అందుకే కదా నీ దగ్గరికొచ్చాను. చూసినవి నేను చెప్పుకోగలను."

 ఒప్పుకున్నాను. నిమ్మవాసన చేతులు కడుక్కున్నా పోలేదు.

అక్టోబర్ 26, శనివారం

నలభై నిమిషాల్లో రాసేశాను. సార్దీస్ స్తంభాల మీద వాలిన పిట్టలు, ఫిలదెల్ఫియలో ద్రాక్షపండ్లు అమ్ముకునే ముసలావిడ, తుయతైర రంగుబట్టలు, లవొదికయ గోరువెచ్చని నీళ్ళు. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. రెండోసారి చదివి నాకే కళ్ళు చెమర్చాయి. అప్పుడు భయమేసింది.

చించేశాను. కొత్త కాగితం మీద ఉన్నది రాశాను. నాలుగు ఊళ్ళకూ కలిపి నాలుగు లైన్లు అయ్యాయి.

రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆవిడకు చెప్పేస్తాను.

అక్టోబర్ 27, ఆదివారం

చెప్పలేదు. చర్చి గేటు దగ్గర కవరు చేతిలో పెట్టాను. ఆవిడకు తెరిచి చూసే తీరిక లేదు, లోపల పాట మొదలైపోయింది. నేను చివరి బల్ల మీద కూర్చున్నాను.

మూడు సంఘాలూ నోటితో చెప్పింది. బాగా చెప్పింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం తీసింది. టీచరు కదా, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదవడం అలవాటు.

"ఫిలదెల్ఫియ. ఈ ఊరు నేను చూడలేదు. సార్దీస్. ఈ ఊరు కూడా నేను చూడలేదు."

ఆగిపోయింది. కళ్ళజోడు పైనుంచి నన్ను వెతికి పట్టుకుంది. బల్ల కిందికి దూరిపోదామనిపించింది.   ఆవిడ కాగితం మడిచి బైబిల్లో పెట్టి, "బస్సు కడగడానికి వెళ్ళిందనుకున్నాను" అని మొదలుపెట్టింది. సూపు, కర్చీఫు, గంటన్నర, లంగా జేబు, అన్నీ చెప్పింది. పాస్టరు గారు జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ వైపు నవ్వు ఆగలేదు.

అందరికంటే ఎక్కువ నవ్వింది కుసుమకుమారి. నవ్వి నవ్వి, లేచి నిలబడి, "వదినా, నేను బెత్లెహేములో బస్సు దిగలేదు. కాళ్ళు నొప్పులు. కిటికీలోంచి చూశాను" అంది. ఆ మాట ఏడాదిగా ఆమె గొంతులో అడ్డుపడి ఉన్నట్టుంది.

అంతా బాగానే అయిందని గేటు దగ్గర నవ్వుతూ ఎదురెళ్ళాను. జీవమణి గారు నవ్వలేదు.

"నన్ను రెండుసార్లు దించేశావమ్మా. ఒకసారి అబద్ధం రాసి, ఒకసారి నిజం రాసి. రెండుసార్లూ ముందు ఒక్క మాట చెప్పలేదు."

చెయ్యెత్తి ఆటోను ఆపింది.

"నా సాక్ష్యం అయింది. నీదెప్పుడు?" అని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

అక్టోబర్ 28, సోమవారం

రేపు అనుకోలేదు. ఆఫీసుకు వెళ్ళగానే రాసి, తేజ రాకముందే వెబ్‌సైటులో పెట్టేశాను. ఊరూరా ఉషక్క ఏ ఊరూ వెళ్ళలేదని. పద్నాలుగు దేశాల పేర్లూ వరసగా రాశాను. చివర ఇలా రాశాను: సీటు మీద కర్చీఫ్ వేస్తే టర్కీలో బస్సు ఆగదు. సిద్దిపేటలో ఆగుతుంది.

అక్టోబర్ 29

తేజ పదకొండు దాకా అరిచాడు. నమ్మకం అన్నాడు, బ్రాండ్ అన్నాడు, సంచి సర్దుకోమన్నాడు. సర్దుకున్నాను. నేను బయల్దేరేసరికి మెట్ల దాకా పరుగెత్తుకొచ్చాడు. ఆ వ్యాసాన్ని జనం ఎగబడి చదువుతున్నారట.

"అక్కా, గిట్లాంటి నిజాలు వారానికి రెండు గావాలె."

అంత నిజం నా దగ్గర స్టాకు లేదన్నాను. మెట్లు దిగాను. కింద జావా పిల్లలు దారి ఇచ్చారు.

నవంబర్ 5, మంగళవారం

ఇవాళ పాస్‌పోర్టు ఆఫీసు ముందు నుంచి పోకుండా లోపలికి పోయాను.

సాయంత్రం జీవమణి గారు ఫోన్ చేసింది. తొమ్మిది రోజుల తర్వాత. క్షమించాను అనలేదు. మార్చిలో మిగతా నాలుగూ చూడాలంది. "పక్క సీటు ఖాళీగా ఉంటే లాభం లేదమ్మా. నేను దిగినప్పుడు, ఇంకో ఆవిడ రావాలి ఆగండి అని అరిచే మనిషి కావాలి. ఆ ఒక్క ముక్క టర్కీ భాషలో నేర్చుకునిరా." ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను.

 ఓంప్రకాష్ టేపు తీసుకొచ్చి నా నడుముకు చుట్టాడు, జేబు కుట్టడానికట. పెన్సిల్ తీసి ఈ పేజీలోనే, పైన, ముప్పై ఎనిమిది అని రాశాడు. ముప్పై ఆరు అని రాయమన్నాను. రాయలేదు.